దొరసానమ్మగారి రొట్టె

మా నాన్న మంగళవారం, శుక్రవారం చీకటితోనే లేచి, తువ్వాలు కింద చెంబు దాచుకుని కల్లుకు పోయేవాడు. ఆయన తాగడు. మా ఇంట్లో ఎవరూ తాగరు. ఆ కల్లు చివరికి చేరేది గుంటూరు మిషను కాంపౌండులో దొరగారి భోజనాల బల్ల మీదికి, రొట్టెగా మారి.

నాన్న ఆ బంగళాలో బట్లరు. బట్లరంటే ఏదో అనుకునేరు, వంటవాడే. వంట, బజారు, వడ్డన, చాకలి పద్దు, వచ్చేపోయేవాళ్ళకు మంచినీళ్ళు అన్నీ ఆయనే. అమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో ఆయా. బంగళా వెనక వరసగా ఉన్న పెంకుటిళ్ళలో రెండోది మాది.

అప్పట్లో గుంటూరు బజారులో ఈస్ట్ కావాలంటే "అదేం మందు, ఏ జబ్బుకు?" అని అడిగేవాళ్ళు. అందుకని పాత బట్లర్లందరిదీ ఒకటే దారి. ఎండాకాలం తాటికల్లు, చలికాలం ఈతకల్లు. చెట్టు దిగిన కల్లును ఎండ తగలకముందే తెచ్చి, మైదాలో కాస్త పంచదార, ఉప్పు వేసి దాంతో కలిపి, తడిగుడ్డ కప్పి పొయ్యి పక్కన పెడితే మధ్యాహ్నానికి పిండి గిన్నె అంచు దాటేది. కిందా పైనా బొగ్గులేసిన రేకు పెట్టెలో కాల్చేవాడు. నాలుగింటి టీ వేళకు కాంపౌండంతా వాసన.

చిక్కేమిటంటే, దొరగారు మద్యం మాటెత్తితే మండిపడే మనిషి. పల్లెల్లో ప్రసంగానికి వెళితే కల్లు మీద పది నిమిషాలన్నా మాట్లాడకుండా దిగేవారు కాదు. అదే నోటితో ఇంటికొచ్చి వెన్న రాసిన రెండు ముక్కలు కళ్ళు మూసుకుని తినేవారు. దొరసానమ్మగారు వంటింట్లోకి తొంగిచూసి "ఏంది బట్లరూ, ఇవాళ పిండి బాగా పొంగిందే" అంటే, నాన్న "పులుపు నీళ్ళండమ్మగారూ" అనేవాడు. ఏం పులుపు అని ఆవిడ ఎన్నడూ అడగలేదు. నిషేధం ఉన్న రోజుల్లో కూడా ఈయన చెంబు ఖాళీగా రాలేదని అమ్మ ఎత్తిపొడుస్తుండేది.

గుంటూరుకు అమెరికా లూథరన్లు కొత్త కాదు. 1842 జులై 31న హేయర్ దొర గుంటూరు వచ్చాడని మా స్కూల్లో కంఠతా పట్టించేవాళ్ళు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. ఆవిడ పేరు మీదే మా అమ్మ పనిచేసే ఆసుపత్రి. 1885లో ఏసీ కాలేజీ, అంటే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ. ఈ సంవత్సరాలు నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా దొరగారు, దొరసానమ్మగారు ఈ వరసకు తోక చివర వచ్చినవాళ్ళు. 1947లో ఓడ దిగారు. మా కాంపౌండుకైతే వాళ్ళే ఆఖరు.

వాళ్ళ తెలుగు సంగతి చెప్పాలి. దొరగారు తెలుగు నేర్పే మునిషీ దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళూ బైబిలు తెలుగులోనే ఉండిపోయారు. "నేను రేపు రేపల్లెకు వెళ్ళుచున్నాను. జీపునందు పెట్రోలు కలదా?" అని అడిగేవారు. డ్రైవరు కూడా భయంకొద్దీ "కలదండి" అనేవాడు. దొరసానమ్మగారిది వేరే బడి. ఆసుపత్రి వార్డుల్లో, బావిగట్టు మీద ఆడవాళ్ళ మధ్య పట్టుబడిన తెలుగు. "ఏందే పిల్లా, యాడికి పోతన్నావ్ ఎండలో?" అని ఆవిడ కేకేస్తే, గేటు బయట రిక్షావాళ్ళు మనూరి ఆవిడే అనుకుని తిరిగి చూసేవాళ్ళు. చూస్తే ఎర్రటి ముఖం, మోకాళ్ళ కిందికి గౌను, నెత్తిన గుడ్డ టోపీ.

వాళ్ళ దినచర్య వల్ల మా వరస ఇళ్ళకు గడియారం అవసరం ఉండేది కాదు. అయిదింటికి చోటా హాజరీ, అంటే ఒక కప్పు కాఫీ, ఒక అరటిపండు. ఇంగ్లీషు దొరల కాలంనాటి ఆ మాట అమెరికా వాళ్ళ బంగళాలో కూడా అలాగే నిలిచిపోయింది. ఆరున్నరకు వరండాలో ప్రార్థన. తోటమాలి, వాచ్‌మన్, డ్రైవరు, మేమూ చాప మీద, వాళ్ళిద్దరూ పేము కుర్చీల్లో. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన. దొరగారు ప్రార్థన పొడిగిస్తే దొరసానమ్మగారు మెల్లగా దగ్గేవారు. పొయ్యి మీద పాలున్నాయని దానికర్థం. ఆమేన్ వెంటనే వచ్చేది.

ఎనిమిదింటికి గోధుమరవ్వ జావ, గుడ్డు, రొట్టె. వేరుశెనగపప్పు వేయించి ఇస్తే అమ్మ రుబ్బురోట్లో మెత్తగా రుబ్బేది. దాన్ని సీసాకెత్తి రొట్టె మీద రాసుకునేవారు. ఉప్పూ కారం లేకుండా, తిరగమోతైనా పెట్టకుండా ఆ పచ్చడి ఎలా దిగుతుందో అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. పుల్ల మామిడికాయలు ముక్కలు కోసి, పంచదార వేసి, పిండి మధ్య పెట్టి కాలిస్తే దాన్ని ఆపిల్ పై అనుకుని తినేవారు. అనుకుని అని ఎందుకంటున్నానంటే, తింటున్నప్పుడు దొరగారు ప్రతిసారీ "ఇది ఆపిల్ కాదు" అని ఒక నిట్టూర్పు విడిచేవారు. తెలుగులోనే.

తాగే నీళ్ళు ఇరవై నిమిషాలు మరగాలి, చల్లారాలి, ఫిల్టరులో పడాలి. ఇరవై నిమిషాలు ఎలా తెలియాలి? నాన్న ఒక పొడుగాటి కీర్తన అన్ని చరణాలూ మూడుసార్లు పాడేవాడు. హడావుడి రోజుల్లో చరణాలు తగ్గేవి. ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా కాంపౌండులో కాకి కూడా అరవకూడదు. నాలుగింటికి టీ. ఆ తర్వాత దొరగారు జీపులో పల్లెలకు, దొరసానమ్మగారు ఆసుపత్రికి. ఏడున్నరకు భోజనం, షార్ట్‌వేవ్ రేడియోలో గరగరల మధ్య వార్తలు, తొమ్మిదిన్నరకు లైట్లు బంద్. బుధవారం మాత్రం పొద్దుటి నుంచి టైపు చప్పుడు. పిల్లలు ముగ్గురూ కొడైకెనాల్ బడిలో చదువుకుని అమెరికా వెళ్ళిపోయారు. ఒకే ఉత్తరం మూడు కార్బన్లు పెట్టి కొట్టేవారు. అడుగున కాపీ ఎవరికి పోయేదో గాని పాపం, ఆ అక్షరాలు పొగలా ఉండేవి.

ఇలా ముప్ఫై ఏళ్ళు. ఇక వెళ్ళిపోతున్నారన్న మాట 1977 ఎండాకాలంలో తెలిసింది. చెప్పి తెలియలేదు. ఏటా ఏప్రిల్ సగంలో కొడైకెనాల్ వెళ్ళి జూన్‌లో తిరిగొచ్చేవాళ్ళు ఆ ఏడు వెళ్ళలేదు. రోహిణి కార్తెలో గుంటూరులో ఉన్న దొరను చూడ్డానికి పక్క వీధి వాళ్ళు కూడా వచ్చారు. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, గంటకోసారి నీళ్ళు కొట్టడం మా పిల్లల పని. దొరగారు మెడకు తడి తువ్వాలు చుట్టుకుని లెక్కల పుస్తకాల ముందు కూర్చునేవారు. చెమట చుక్క పద్దు మీద పడి సిరా పాకితే ఆ పేజీ మొత్తం మళ్ళీ రాసేవారు.

అప్పగించడానికి పెద్దగా ఏమీ లేదు నిజానికి. ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ చర్చి 1927లోనే ఏర్పడింది. పెత్తనం మనవాళ్ళ చేతికి వచ్చి చాలా కాలమైంది. దొరగారి దగ్గర మిగిలినవి కొన్ని హాస్టలు పద్దులు, పాత కాగితాలు, తాళంచెవుల గుత్తి ఒకటి. ఆ గుత్తి పట్టుకుని వారం రోజులు కాంపౌండంతా తిరిగారు. స్టోరు గది, పాత గుర్రపుశాల, బావి పక్కన గది, ప్రతి తాళంలోనూ పెట్టి చూసుకున్నారు. నేను వెనకాల కాగితం పట్టుకుని నడిచేదాన్ని. చివరికి పదకొండు తాళంచెవులకు తాళాలు దొరకలేదు. ఆ పదకొండింటినీ ఒక తాడుకు గుచ్చి, అట్టముక్క మీద 'ఇవి దేనివో తెలియదు' అని రాసి, అప్పగింత జాబితాలో ఆఖరి అంశంగా చేర్చారు. ఆయన జీవితంలో వాడుక భాషలో రాసిన వాక్యం అదొక్కటేనేమో.

సామాను అమ్మకం వరండాలో జరిగింది. ధరల కాగితం టైపు చేసి గోడకు అంటించారు. కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్‌ను చూడ్డానికే జనం. కింద మంట పెడితే పైన చల్లబడేదాన్ని నమ్మి ఎవరు కొంటారు? రెండు నెలలు పడుంది. మంచాలకు బేరాలు సాగాయి. కొనేవాడు ముప్ఫై అంటే దొరసానమ్మగారు నడుం మీద చెయ్యేసుకుని "ఏందయ్యా, టేకు మంచం ముప్ఫైకి యాడ దొరుకుద్ది, నువ్వే చెప్పు" అనేవారు. కొసరు ఇవ్వడం కూడా ఆవిడకు తెలుసు. మంచానికి దోమతెర. కుట్టుమిషను మాత్రం అమ్మలేదు. పల్లెల్లో ఆవిడతోపాటు తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చదివి చెప్పే బైబిలు ఉమనమ్మకు ఊరికే ఇచ్చేశారు.

ప్రయాణం 1978 జనవరికి అనుకున్నారు. ఇంతలో నవంబరు 19, శనివారం, తుపాను. దివిసీమ సంగతి అందరికీ తెలిసిందే, మన వైపు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల కూడా తుడిచిపెట్టుకుపోయాయి. గుంటూరులో మేం విన్నది గాలి మాత్రమే. నిద్రగన్నేరు కొమ్మ వంటింటి కప్పు మీద పడి పెంకులు సగం పోయాయి. తెల్లారి దొరగారు జీపు తీశారు. అరవై ఆరేళ్ళ మనిషి. ఎక్కడిదాకా రోడ్డు ఉంటే అక్కడిదాకా వెళ్ళి, తర్వాత నడిచి, మూడో రోజు రాత్రి వచ్చారు. వరండా మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకోలేకపోతుంటే నాన్న విప్పాడు. ఏం చూశారో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మర్నాడు ఆరున్నర ప్రార్థనలో అధ్యాయం చదివి, పుస్తకం మూసి, ప్రార్థన చెయ్యకుండా లేచి లోపలికి వెళ్ళిపోయారు. దొరసానమ్మగారు దగ్గాల్సిన అవసరం లేని రోజు అదొక్కటే.

జనవరి ప్రయాణం వాయిదా పడింది. దినచర్య మొత్తం తలకిందులైంది. భోజనాల బల్ల మీద బియ్యం పొట్లాలు, మధ్యాహ్నం నిద్ర లేదు, నీళ్ళ కాగులు వరండాలోనే మరుగుతుండేవి. విదేశాల నుంచి బట్టల మూటలు వచ్చాయి. విప్పితే చాలావాటిలో ఉన్ని ఓవర్‌కోట్లు! కోస్తావాళ్ళకు ఓవర్‌కోటు ఏం చేసుకోను అని అందరం నవ్వాం. మా నవ్వు తప్పని తర్వాత తెలిసింది. సంక్రాంతి ముందు మంచులో, ఇల్లు లేని మనిషికి కోటే దుప్పటి. గోచీ మీద మోకాళ్ళదాకా నల్లటి ఉన్ని కోటు తొడుక్కుని, చేపాటి కర్రతో గేదెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయనను రేపల్లె రోడ్డులో నేను జీపులోంచి చూశాను. దర్జాగా ఉన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక మాట జరిగింది. కల్లుగీసే అతనిది రేపల్లె వైపు ఊరు, వాళ్ళవాళ్ళను వెతుక్కుంటూ పోయాడు. కల్లు లేదు. నాన్న ఏం చెప్పాలా అని మథనపడుతుంటే దొరసానమ్మగారే "కొన్నాళ్ళు రొట్టె వద్దులే బట్లరూ, చపాతీలు చెయ్. చెట్లన్నీ ఇరిగిపోయినయ్యంట గదా" అన్నారు. నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు. "చెట్లకూ రొట్టెకూ ఏంటి సంబంధం? ఆవిడ ఎందుకన్నట్టు?" అని అమ్మను అడిగాడు. "ఊరికే అన్నారేమోలే" అంది అమ్మ.

ఈస్టర్ అయ్యాక, ఏప్రిల్‌లో బయలుదేరారు. ముందు రోజు రాత్రి వంట నాన్నను చెయ్యనివ్వలేదు. దొరసానమ్మగారే కోడి వండి, బంగాళాదుంపలు మెదిపి, మామిడికాయ పై కాల్చారు. బల్ల మీద అయిదు పళ్ళేలు. వాళ్ళవి రెండు, మావి మూడు. పుట్టి బుద్ధెరిగాక ఆ బల్ల తుడిచాను గాని దాని ముందు కూర్చోలేదు. అమ్మ చెంగు సర్దుకుని కూర్చుంది, నేనూ కూర్చున్నా. నాన్న మాత్రం గోడకానుకుని నిలబడ్డాడు. "కూర్చో బట్లరూ" అని ఆవిడ మూడుసార్లు అన్నారు. "ఆకలి లేదండమ్మగారూ" అని మంచినీళ్ళ జగ్గు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు దొరగారు లేచి నిలబడి "నీవు కూర్చుండనియెడల నేనును కూర్చుండను" అన్నారు. ఇద్దరు మగవాళ్ళూ ఎదురెదురుగా నిలబడిపోయారు. చివరికి దొరసానమ్మగారు "నిలబడండి ఇద్దరూ. కోడి చల్లారిపోతాంది, మేం తింటాం" అని ఫోర్కు తీసుకున్నారు. మేం ముగ్గురం తిన్నాం. వాళ్ళిద్దరూ తర్వాత వంటింట్లో నిలబడే తిన్నారని అమ్మ చెప్పింది.

చాలామంది ఇది విని "ఎంత మంచివాళ్ళు!" అంటారు. మంచివాళ్ళే. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చాక అమ్మ అన్న మాట కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "ఆ మాటేదో ముందు నుంచీ అని ఉంటే ఈపాటికి అలవాటయ్యేది గదా" అంది.

బెజవాడ దాకా జీపులో, అక్కణ్ణుంచి మద్రాసు రైలు. నాన్నా నేనూ వెనక ట్రంకుల మధ్య కూర్చున్నాం. ప్రకాశం బ్యారేజీ మీద దొరసానమ్మగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఏడుస్తారేమో అనుకున్నా. "పొయ్యి మీద పాలు దించావా బట్లరూ?" అన్నారు. "దించానండమ్మగారూ" అన్నాడు నాన్న. ఆ పొద్దున అసలు పాలే పోయించుకోలేదు. స్టేషన్లో వీడ్కోలుకు వచ్చినవాళ్ళు వేసిన బంతిపూల దండలతో ఇద్దరూ పెళ్ళివాళ్ళలా ఉన్నారు. రైలు గంట ఆలస్యం. ఆ గంట ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియక అరటిపళ్ళు తిన్నాం.

నాన్నకు తర్వాత ఒక కాలేజీ హాస్టల్లో పని దొరికింది. రెండొందల మందికి సాంబారు. రొట్టె మళ్ళీ చెయ్యలేదు.

ఉత్తరాలు వచ్చేవి, పెన్సిల్వేనియా నుంచి. దొరగారివి టైపులో, ఇంగ్లీషులో, సంఘానికి. దొరసానమ్మగారివి చేతిరాతతో, తెలుగులో, నా పేరు మీద. గుండ్రంగా, ఒత్తులు విడిగా కింద పడ్డట్టు ఉండే అక్షరాలు. 1979 చివర్లో ఒకటి వచ్చింది. అక్కడ కొట్లలో అమ్మే రొట్టె దూది నమిలినట్టు ఉందట, తను చేసినా మన రొట్టె రావడం లేదట. 'పులుపు నీళ్ళు ఎట్టా చెయ్యాలో బట్లరును అడిగి రాయి' అని.

నాన్నకు వారం రోజులు టెన్షన్. ఇప్పుడు నిజం చెబితే ముప్ఫై ఏళ్ళు మోసం చేసినట్టు. చెప్పకపోతే పెద్దావిడ నోరు తెరిచి అడిగింది. చివరికి బియ్యం కడిగిన నీళ్ళు మూడు రోజులు కుండలో పులియబెట్టి పిండిలో పొయ్యమని రాయించాడు. రాసింది నేనే. అబద్ధమని తెలిసీ దస్తూరి బాగా కుదిరిందని మురిసిపోయాను.

మూడు నెలలకు జవాబు వచ్చింది. నీలం ఎయిర్ లెటరు, సగమే నిండింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

'పాపకు, బియ్యం నీళ్ళు పోసి చూసినా. పొంగలేదు. ఇల్లంతా కంపు. 1951లో ఒక పొద్దున నేను ఆసుపత్రి నుంచి వస్తా బట్లరును తాటిచెట్టు కింద చెంబుతో చూసినా. అప్పుడే తెలుసు. ఇక్కడ తాటిచెట్లు లేవు, ఏం పొయ్యాలో కనుక్కుని రాయి. దొరగారికి అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.'